ఆరిళ్ల బావిలో ఆఖరు వంతు

నా చిన్నప్పుడు జరిగినవాటిలో చాలావాటికి నా దగ్గర తేదీలు ఉన్నాయి. ఈ సంగతి 1955 జనవరి 31, సోమవారం, పొద్దున ఆరున్నరకు మొదలైంది. గంట ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, మా ఊళ్లో చేతికి గడియారం కట్టుకునే ఇద్దరిలో మా చిన్నాయన ఒకడు. మాఘమాసం వచ్చిందంటే ఆయన రోజూ ఆ గడియారం చూసుకుని సరిగ్గా ఆరున్నరకు బావి మెట్లు దిగేవాడు. నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

మా ఊరు రాజంపేటకు బస్సులో గంట దూరం. ఆ బావిని ఆరు కుటుంబాలు కలిసి తవ్వించుకున్నాయి కాబట్టి ఆరిళ్ల బావి అనేవాళ్లు. జత ఎద్దులను కట్టి పెద్ద తోలుబానతో నీళ్లు తోడేవాళ్లు. దాన్ని మావైపు కపిల తోలడం అంటారు. వానలు పడిన ఏడు ఎవరెన్ని బానలు తోడుకున్నా అడిగే పని లేదు. ఊట తగ్గాక మాత్రం పంపకం మొదలయ్యేది.

పంపకానికి ఒక పద్ధతి ఉండేది. తెల్లవారగానే ఒకరు బావిలోకి దిగి, నీళ్లు ఏ మెట్టు దగ్గరున్నాయో చూసి, ఈ దినం ఇంటికి ఇన్ని బానలు అని చెప్పాలి. అలా చెప్పినవాడి వంతు ఆఖరు. మిగతా ఐదిళ్లవాళ్లు ఆ లెక్క ప్రకారం తోడుకున్నాక బావిలో ఎంత మిగిలితే అంత అతనిది. తగ్గినా పెరిగినా మారు మాట లేదు. ఎక్కువ చెబితే తన మడే ఎండుతుంది కనుక పంచేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని చెబుతాడని ఈ ఏర్పాటు.

ఆ పని మా ఇంటిది. మొదట మా తాత, ఆయన పోయాక మా చిన్నాయన. ఇద్దరికీ ఒకటే అలవాటు. నీళ్లు పంతొమ్మిది బానలకు వచ్చేట్టుంటే ఇరవై అని చెప్పేవాళ్లు. మా వంతు వచ్చేసరికి బానలో సగం బురదే. మా నాయన బళ్లారిలో మిల్లు పని చేస్తూ నెలకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మా మడి చూసి తల కొట్టుకునేవాడు. మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, ఒక్క మాట అనేది కాదు. నీళ్లు మిగుల్చుకుని ఇంటికొస్తే ఎదురింటివాళ్ల మొగం ఎట్ల చూసేదని ఆమె ఉద్దేశం.

చిన్నాయన సోషలిజం మాట్లాడే పార్టీలో ఉండేవాడు. పార్టీ పేరు రాయను. ఆ పేరు నేను చూస్తుండగానే మూడుసార్లు మారింది, ఏది రాసినా సగం తప్పే అవుతుంది. ఆయన మద్రాసులో రెండేళ్లు చదివి, చదువు ఆపి, కొన్నాళ్లు జైల్లో ఉండి, ఊరికొచ్చి సేద్యంలో పడ్డాడు. భూమి అందరిదీ, నీళ్లు అందరివీ, రెక్కలు కష్టపెట్టినవాడికే పంట అని ఆయన చెబుతుంటే నాకు వింతగా ఉండేది. మా బావి అట్లే ఉంది కదా, ఇందులో కొత్తేముంది అనుకునేదాన్ని. లోకమంతా మా బావిలాగే ఉందని నా నమ్మకం.

ఆ సోమవారం చిన్నాయన మెట్లెక్కి పైకొచ్చి "ఇరవై" అని చెప్పగానే ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి కడప నుంచి వచ్చిన పార్టీ లీడరు, ఆయన వెనకే మా ఊరి మేడింటాయన దిగారు. ఊళ్లో మేడ ఉన్నది ఒక్క ఆయనకే. నలభై ఇళ్లవాళ్లు ఆయన పొలాల్లో పని చేసేవాళ్లు, ఆయన చెప్పిన గుర్తుకే ఓటేసేవాళ్లు. అంతకుముందు ఏడు దాకా ఆయన చిన్నాయన పార్టీని తిట్టని దినం లేదు. అలాంటి మనిషి జీపులో లీడరు పక్కన కూర్చుని రావడం చూసి నేను గట్టు దిగి దగ్గరికి పోయాను.

పోలింగుకు ఇంక రెండు వారాలు కూడా లేదు. ఆ నలభై ఇళ్ల ఓట్లు వస్తే మా వైపు పార్టీ గెలిచేట్టుంది. మేడింటాయన ఇప్పిస్తానంటున్నాడు. ఆయన అడిగింది పెద్దదిగా కూడా కనిపించలేదు. బావి పక్కనే ఆయన చీనీతోట, అంటే బత్తాయితోట. ఆయన సొంత బావి ఎండిపోయింది. చీనీచెట్లు పూత మీదున్నాయి. ఆరిళ్ల బావిలో ఒక వంతు కావాలి, అంతే.

"ఎవురి వంతు తీసి నీకిచ్చేదన్నా?" అన్నాడు చిన్నాయన.

"నువ్వు పెద్దమనిషివి. నీకు తెలీదా అప్పా?" అన్నాడు ఆయన.

చిన్నాయన మా మడికేసి చూశాడు. మా రాగి పైరు అప్పటికే కోత అయిపోయింది. మడిలో ఉన్నవి రెండు సాళ్ల మిరప చెట్లే. మిగిలిన ఐదిళ్లలో ఎవరినడిగినా వాళ్ల పంట పోతుంది. మా వంతు ఇస్తే ఎవరి నోటి దగ్గర కూడూ పోదు. ఆయన "మా వంతు నీది" అన్నాడు. లీడరు ఆయన భుజం తట్టాడు. త్యాగమంటే ఇదీ అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాడు. నాకూ గర్వంగానే అనిపించింది.

సాయంత్రం ఆ మాట చెప్పినప్పుడు జేజి రాగులు చెరుగుతూ ఉంది. చేట ఆపకుండానే అడిగింది.

"వంతు ఒక్కటే ఇచ్చినావా, పంచేదీ ఇచ్చినావా?"

"వంతేమ్మా. పంచేది మనదే గదా ఎప్పుడూ."

ఆమె చెరిగిన రాగులు గంపలో పోసింది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో ఆయనకు గాని నాకు గాని మర్నాటి దాకా అర్థం కాలేదు.

మర్నాడు ఆరున్నరకు చిన్నాయన ఎప్పటిలాగే మెట్లు దిగబోయాడు. మూడో మెట్టు మీద ఉండగా పైనుంచి మేడింటాయన నిదానంగా పిలిచాడు.

"యాడికప్పా పోతాండావు?"

"నీళ్లు చూసేకి."

"నువ్వెందుకు చూసేది? ఆఖరు వంతోడు గదా చూడాల్సింది. ఆఖరు వంతు మాది."

చిన్నాయన మూడో మెట్టు మీదనే నిలబడిపోయాడు. ఆ మనిషి చెప్పింది అక్షరాలా మా పద్ధతే. పంచేవాడిది ఆఖరు వంతు అని మేం ముందునుంచి అనుకుంటూ వచ్చాం. తిరగేస్తే, ఆఖరు వంతు ఎవరిదో వాడే పంచాలి. ఇన్నేళ్లలో దాన్ని తిరగేసి చూసినవాళ్లు లేరు, ఎందుకంటే ఆ వంతు కావాలని కోరుకున్నవాళ్లు లేరు. చిన్నాయన మెట్లెక్కి పక్కకు జరిగాడు. మేడింటాయన చెప్పులు విడిచి దిగాడు, చూశాడు, పైకొచ్చి "తొమ్మిది" అన్నాడు.

లెక్క చెబుతాను. చిన్నాయన ఇరవై అన్నాడంటే ఉన్నది పంతొమ్మిది చొప్పున, ఆరిళ్లకు నూట పద్నాలుగు బానలు, అది నిన్నటి నీళ్లు. ఆ రోజూ బావిలో అంతే ఉంది. తొమ్మిది చొప్పున ఐదిళ్లకు నలభై ఐదు. పోగా అరవై తొమ్మిది. తగ్గినా పెరిగినా ఆఖరివాడిది. ఆయన రెండు జతల ఎద్దులు తెప్పించి పొద్దు గుంకేదాకా ఆ అరవై తొమ్మిదీ తోడించుకున్నాడు.

అందరికంటే దెబ్బ తగిలింది మా పక్కింటి అక్కకు. ఆమె మొగుడు కోలారు గనుల్లో పనికి పోయి ఏడాది దాటింది. నాలుగేళ్ల కొడుకును పెట్టుకుని అర ఎకరంలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లి, వేసింది. ఆ పంట చేతికొస్తే ఊళ్లోనే ఉంటుంది, రాకపోతే ఆమె కూడా గనుల దగ్గరికి పోవాలి. అక్కడ గుడిసెల్లో దగ్గు పట్టని మనిషి ఉండడని ఆమె మొగుడే చెప్పి పంపాడు. ఎర్రగడ్డకు అప్పుడు గడ్డ ఊరే అదును. ఇరవై బానలు పారాల్సిన మడికి తొమ్మిది పారితే సగం దాకా కూడా తడవదు.

ఆమె నోరు గలది. బావి దగ్గరే అడిగేసింది. "ఏమన్నా, మా గడ్డలకు పోసేవి మీ చీనీకాయలకు పోస్తాండావు, కాయలు కోసినాంక మాకు రసం పంపిస్తావా?"

"ఏమ్మే, రూలు నేను పెట్టినానా? మీ ఆరిళ్లోళ్లు పెట్టుకున్నదే. మీ అన్న ఎక్కువ చెప్పేటోడు, అది ఆయప్ప ఇష్టం. నేను తక్కువ చెప్తాండా, ఇది నా ఇష్టం."

అబద్ధమేమీ లేదు. అదే నాకు అంతుపట్టలేదు. పద్ధతిలో ఒక్క అక్షరం మారలేదు. మనిషి మారాడు. నీళ్లు అవే.

రెండో దినం చిన్నాయన రాజంపేటకు పార్టీ ఆఫీసుకు బయలుదేరాడు. నన్ను కూడా తీసుకుపొమ్మని జేజి చెప్పింది. చిన్న పిల్ల వెంట ఉంటే తిరిగి ఇంటికి తొందరగా వస్తాడని అనుకుందేమో. ఆయన గడప దాటుతుంటే వెనకనుంచి ఒక మాట అడిగింది.

"ఒరే నాయనా, మీ పార్టీలో పంచేటోడి వంతు ఎన్నోది?"

ఆయన నవ్వి నా చెయ్యి పట్టుకుని బయలుదేరాడు. బస్సులో మాత్రం ఆ మాట ఆయనను వదలలేదని నాకు తెలిసింది. రెండుసార్లు తనలో తాను గొణుక్కున్నాడు.

ఆఫీసు అంటే ఒక మండీ వెనక రెండు గదులు. గోడల నిండా ఎర్ర అక్షరాలు, ముందర లారీ, లారీ నిండా జెండాలు. మేం పోయేసరికి లీడరు ఎవరితోనో ఊళ్ల లెక్కలు చూస్తున్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి చిన్నాయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదని ఇప్పటికీ అనుకుంటాను. కాలికి జైల్లో తగిలిన దెబ్బతో కుంటుతూ నడిచేవాడు.

"నువ్వు చెప్పింది న్యాయమే," అన్నాడు. "కానీ ఆలోచన చెయ్యప్పా. ఓట్లు లేని పార్టీ భజన గుంపు. మనం గెలిస్తే జిల్లాలో బావులన్నిటికీ చట్టం తెస్తాం. ఒక్క బావి కోసం అదంతా పోగొట్టుకుంటావా? పదిదినాలు ఓర్చుకో."

"పదిదినాలు మేం ఓర్చుకుంటాం. ఎర్రగడ్డ ఓర్చుకోదు," అన్నాడు చిన్నాయన.

లీడరు తల వంచుకున్నాడు. ఊళ్ల లెక్కల కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

అంతలో అన్నాలకు వేళైంది. లోపలి గదిలో పెద్దవాళ్లకు విస్తళ్లు వేశారు, ఆకు నిండా వడ్డించారు. తర్వాత లెక్కలు రాసేవాళ్లు కూర్చున్నారు. ఆ తర్వాత జెండాలు మోసేవాళ్లు. చిన్నాయన నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టి, ఎవరూ అడగకుండానే చారు బకెట్టు అందుకుని వడ్డించడం మొదలుపెట్టాడు. ఆఖరు బంతి లేచాక గంగాళం వంచితే ఆయనకు రెండు పిడికిళ్ల మాడు అన్నం వచ్చింది. మామిడికాయ ఊరగాయ నంచుకుని తిన్నాడు. ఆయన తిన్నాడా లేదా అని అక్కడ ఎవరూ అడగలేదు. బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు నాతో అన్నాడు: "మీ జేజి అడిగిందానికి జవాబు దొరికింది పాపా. ఆయమ్మకు చెప్పేకి సిగ్గవుతాండాది."

సాయంత్రం దీపం పెట్టే వేళకు ఇల్లు చేరాం. అక్క కొడుకును చంకనేసుకుని మా అరుగు మీదే కూర్చుని ఉంది. చిన్నాయన మొగం చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. జేజి లోపలినుంచి బెల్లం దిమ్మె, రోకలిబండ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆరు ముక్కలు చెయ్యి."

ఆయన చేశాడు. ఐదు పెద్దవి, ఒకటి చిన్నది. చిన్న ముక్కను తనవైపు లాక్కున్నాడు. జేజి ఆ ముక్కను తీసి అక్క కొడుకు చేతిలో పెట్టింది. వాడు దాన్ని చూసి, మిగతావి చూసి, ఏడుపు లంకించుకున్నాడు.

"చూస్తివా," అంది జేజి. "చిన్నది నీకే వస్తాదనుకొని పగలగొట్టినావు. వానికి వచ్చె. ఇప్పుడు ఇంకో దిమ్మె కొట్టు. ఏ ముక్క ఎవురిదో నువ్వు కొట్టినాంక చెప్తా."

చిన్నాయన ఈసారి చాలాసేపు చూసి కొట్టాడు. ఆరు ముక్కలూ తక్కెట్లో పెట్టినా తేడా రానట్టు వచ్చాయి. ఆయన రోకలి పక్కన పెట్టి జేజి వైపు తిరిగాడు.

"నువ్వు మంచోడివి గాబట్టి ఇన్నేండ్లు బావి నడిచింది నాయనా," అంది ఆమె. "నీ మంచితనం మీద నేను గూడా కండ్లు మూసుకుంటి. మంచోడు లేని దినం గూడా నడిచేట్టు ఉండాల గదా బావి. లెక్క ముందు చెప్పాల. ఎవురి వంతు ఎన్నోదో తర్వాత చీటీ ఎత్తితే తెలియాల."

ఇది విన్నాక అక్క ఒక్కటే అడిగింది. "ఎప్పుడు పెద్దమ్మా, రేపా?"

అరుగు మీద అందరూ చిన్నాయన వైపు చూశారు. ఇచ్చింది నోటి మాట. వెనక్కి తీసుకోవడానికి ఇంకో నోటి మాట చాలు. ఆరిళ్లవాళ్లు ఒక్కటై నిలబడితే మేడింటాయన చేసేదేమీ లేదు, నలభై ఇళ్ల ఓట్లు అటు తిప్పడం తప్ప. ఆ ఓట్లు పోతే జిల్లా బావులకు చట్టం పోతుంది. అలాగని చిన్నాయన నిజంగానే నమ్మాడు. చేతులకంటిన బెల్లం తుడుచుకుంటూ ఆయన, "పోలింగు అయిన మర్నాడు చెల్లెమ్మా," అన్నాడు. అక్క లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని, తన వాకిట్లోకి పోయింది. వాడి బెల్లం ముక్క అరుగు మీదనే ఉండిపోయింది.

పోలింగు అయింది. మా అభ్యర్థి గెలిచాడు. పోలింగు మర్నాడే, అన్నమాట ప్రకారం, చిన్నాయన బావి దగ్గర వంతు వెనక్కి అడిగాడు. మేడింటాయన వాదించలేదు. "తీసుకో అప్పా, మా పూత నిలబడింది," అన్నాడు. ఆ రోజునుంచి మా బావిలో కుండలో ఆరు గురుతులు వేసి తీయడం మొదలైంది. లెక్క చెప్పడం రోజుకొక ఇల్లు. లెక్క చెప్పాకనే కుండలో చెయ్యి. ఊరికి కరెంటు మోటార్లు వచ్చేదాకా, పదమూడేళ్లు, అది ఒక్క తగాదా లేకుండా నడిచింది. మేడింటాయన కూడా ఆ వేసవిలోనే పార్టీలో చేరి, మా ఊరి శాఖకు అధ్యక్షుడయ్యాడు. బావుల చట్టం రాలేదు.

చిన్నాయన పార్టీ వదలలేదు. అది నాకు మొదటినుంచీ ఆశ్చర్యమే. పెళ్లయి కర్నూలు పోయాక కూడా, ఊరికి వచ్చిన ప్రతిసారీ ఎందుకు వదలలేదని అడిగేదాన్ని. ఒకసారి ఆయన అన్నాడు: "మీటింగులో ఒగసారి చెప్పినా పాపా. టికెట్లు పంచే కమిటీలో ఉండేటోళ్లు టికెట్టు తీసుకోకూడదు అని. అందరూ నవ్వినారు. మంచి జోకు చెప్పినావప్పా అన్నారు. మళ్లీ ఏడు మళ్లీ చెప్పినా. అప్పుడు నవ్వినోళ్లు కొంచెం తక్కువ."

"అంతేనా చిన్నాయనా? దానికోసం ముప్పై ఏండ్లా?"

"ఆరిళ్ల బావికి ఉపాయం మీ జేజికి దొరికింది. లక్ష ఇళ్ల బావికి ఇంకా ఎవురికీ దొరకలేదు. దొరకలేదని బావి పూడ్చేస్తామా?"

ఆయన చెప్పింది సరైనదో, లేక ఊళ్లో వాళ్లనుకున్నట్టు అది మొండితనమో, నలభై ఏళ్లుగా తేల్చుకోలేకపోయాను. మా మనవరాలు రాజకీయ శాస్త్రం చదువుతోంది. సోషలిజం ఈ కాలపు పార్టీల్లో బతుకుతుందా అని నన్ను అడుగుతుంది, నేనేదో చూసినదాన్ని కాబట్టి చెప్పగలననుకుని. నేను చూసింది ఒక్క బావిని. అందులో సమానత్వం మా ఇంటి మంచితనం మీద ఇరవై ఏళ్లు నడిచింది, ఆ ఇంటి మనిషే ఇంకో మంచి చేయబోయి ఒక్క మాటతో పోగొట్టాడు, ఆ తర్వాత ఎవరి మంచితనమూ అక్కర్లేని ఏర్పాటు మీద పదమూడేళ్లు నడిచింది. ఇంతవరకు చెప్పగలను. ఆ ఏర్పాటును ఒక పార్టీకి ఎలా తొడగాలో నాకు తెలియదు.

నాతో ఉండిపోయింది ఒక అలవాటు. ఎలక్షన్లు వచ్చి ఎవరు వాకిట్లో నిలబడినా, మీరు మాకేం ఇస్తారని నేను అడగను. పంచేటప్పుడు మీ వంతు ఎన్నోది అని అడుగుతాను. చాలామందికి ప్రశ్నే అర్థం కాదు. అర్థమైనవాళ్లు ఇద్దరు ముగ్గురు తగిలారు, వాళ్లు నిజం చెప్పి, దండం పెట్టి పోయారు. వాళ్లకే ఓటు వేశాను. ఇద్దరు ఓడిపోయారు.

ఆ పదకొండు దినాల్లో పోయినవి ఇవి. మా రెండు సాళ్ల మిరప చెట్లు. తక్కిన నాలుగిళ్లలో ఒకరికి వంగతోట, మిగతా ముగ్గురికి రాగిలో మూడో వంతు. పక్కింటి అక్కకు అర ఎకరం ఎర్రగడ్డ, తవ్వితే గోలీకాయలంత గడ్డలు, గంపెడు. మార్చి నెలలో ఒక శుక్రవారం అక్క, ఆమె కొడుకు కోలారుకు రైలెక్కారు. అక్కడికి చేరిన మూడేళ్లకు కొడుకు దగ్గుతో పోయాడు. అక్క తిరిగి రాలేదు.